నడుస్తున్న కార్ఖానా

బూట్ల కార్ఖానాలో కుట్టు హాలుకి ఆమె పెద్ద. వయసులో తనకంటే పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నా, అందరూ ఆమెను పెద్దక్క అనే పిలిచేవారు. ఇరవై ఆరేళ్ళుగా అదే హాలు, అదే తోలు వాసన, కిటికీల కింద రెండు వరసల్లో నలభై మిషన్లు. ఏ మిషను మొరాయించబోతోందో, ఏ పిల్ల ఇంట్లో గొడవపడి వచ్చిందో, తలెత్తి చూడకుండా చప్పుడును బట్టి చెప్పేసేది.

ఆ కార్ఖానాలో బూటు మొత్తం తయారయ్యేది కాదు. సరిహద్దు అవతలి దేశంలో తోలు కోసి పంపేవారు. ఇక్కడ పైభాగం కుట్టేవారు. కుట్టినవి మళ్ళీ అవతలికే వెళ్ళి అడుగు అతికించుకునేవి. అంటే ఎవరి కాలికైనా ఎక్కేలోపు ఒక్కో బూటు రెండుసార్లు సరిహద్దు దాటేది. ఆరు దేశాల వర్తక కూటమి ఉన్నన్నాళ్ళూ ఆ దాటడం ఎవరి దృష్టికీ వచ్చేది కాదు. పొద్దున తోలు దింపిన లారీయే సాయంత్రానికి కుట్టిన సరుకుతో వెనక్కి వెళ్ళిపోయేది. సరిహద్దు దగ్గర డ్రైవరు టీ తాగాలనుకుంటే ఆగేవాడు, లేకపోతే లేదు.

అందరి దృష్టికీ వచ్చింది మాత్రం జీతాలు పెరక్కపోవడం. అడిగినప్పుడల్లా యజమానిది ఒకటే పాట. "కూటమిలో పోటీ ఎక్కువమ్మా. నేను మీకు పెంచితే, పక్క దేశంవాడు నన్ను ముంచుతాడు." అప్పటికే ఊళ్ళో మరో రెండు బూట్ల కార్ఖానాలు మూతపడ్డాయి. సంతలో సగం ధరకే పరాయి దేశపు బూట్లు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. అందుకే, కూటమిలో ఉండాలా బయటికి రావాలా అని దేశమంతా ఓటు పెట్టినప్పుడు, పెద్దక్క పెద్దగా ఆలోచించలేదు.

ఆలోచించాల్సిన భారం కూడా తమ్ముడే ఎత్తుకున్నాడు. తమ్ముడు నీటి పన్ను ఆఫీసులో గుమాస్తా. మాటకారి. బయటికి రావాలనే పార్టీలో చేరి, ఏడాది తిరక్కుండానే మైకు లేనిదే మాట్లాడలేని స్థితికి వచ్చాడు.

"అక్కా, నువ్వు గీసిన గీత ఆ నలభై మందీ దాటరు. ఒక్క మాట చెప్పు చాలు," అన్నాడు. "బయటికొస్తే ఆ చవక బూట్లు మన గడప తొక్కవు. మన కాళ్ళకి మన బూట్లే. మీ జీతం గురించి అప్పుడు మీ ముసలి యజమానిని నిలదీద్దాం."

మధ్యాహ్నం విరామంలో పెద్దక్క తోలు కట్టల బల్ల మీదకెక్కి ఆ మాటే చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరిని హాల్లో సన్నకుట్టు అనేవారు. అవతలి దేశం మనిషి. పద్నాలుగేళ్ళ కిందట వచ్చి, ఈ ఊళ్ళోనే అద్దెకుండి, ఈ హాల్లోనే పనిచేస్తోంది. తోలు అంచు మీద ఆమె వేసే కుట్టు కంటికి ఆనేది కాదు. భాషలో యాస పోలేదు కానీ, పెద్దక్కకి జ్వరమొస్తే జావ కాచి తెచ్చేది ఆమే. ఆమెకి ఓటు లేదు.

ఓటు వేసిన మర్నాడు పక్కపక్కన కూర్చుని పనిచేస్తుండగా, తలెత్తకుండానే సన్నకుట్టు అడిగింది.

"అక్కా, నువ్వెటు వేశావ్?"

"నీకు తెలుసుగా."

"తెలుసు. నీ నోటితో విందామని."

"బయటికే. ఇది నీ మీద కోపంతో కాదే. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. నేనున్నాగా."

సన్నకుట్టు దారం తెంపి, ఇంకో ముక్క అందుకుంది.

బయటికి రావాలన్నవాళ్ళే గెలిచారు. పద్నాలుగు నెలల తర్వాత సన్నకుట్టుకి ఉత్తరం వచ్చింది. కూటమి దేశాలవాళ్ళ పని అనుమతులు ఇకమీదట పొడిగించబోమని. పెద్దక్క ఆ ఉత్తరం పట్టుకుని తమ్ముడి దగ్గరికి పరిగెత్తింది. అప్పటికి తమ్ముడు శాసనసభ్యుడయ్యాడు, కలవాలంటే బయట గదిలో కూర్చోవాలి. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచి, "ఒక్కరికిస్తే అందరికీ ఇవ్వాలక్కా. చట్టమంటే చట్టమే," అన్నాడు.

సన్నకుట్టు వెళ్ళేరోజు పెద్దక్క బస్సు దాకా వెళ్ళి, పెట్టె ఎక్కించింది. "నేనున్నాగా" అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

ఆ తర్వాత కార్ఖానా ఒక్క దెబ్బకి పడిపోలేదు. పంటి నొప్పిలా మెల్లగా మొదలైంది. తోలు లారీ మొదటిసారి రెండు రోజులు ఆలస్యమైంది, తర్వాత నాలుగు రోజులు. ఏ జంతువు తోలు, ఏ ఊరి జంతువు, దానికి జబ్బు లేదని ఎవరు సంతకం పెట్టారు అని కాగితాలు అడిగారు. వచ్చేటప్పుడు సుంకం, అదే తోలు కుట్టించుకుని వెనక్కి పోయేటప్పుడు మళ్ళీ సుంకం. వానాకాలంలో సరిహద్దు దగ్గర వారం రోజులు నిలిచిపోయిన లారీలో తోలంతా బూజు పట్టింది. ఆ వారం హాల్లో ఆడవాళ్ళు ఖాళీ మిషన్ల ముందు కూర్చుని, ఒకరి తలలు ఒకరు దువ్వుకున్నారు.

సంతలో చవక బూట్లు మాత్రం తగ్గలేదు. అవి కూటమి దేశాలవి కావు. సముద్రం మీదుగా ఇంకెక్కడినుంచో వస్తున్నాయని అప్పటిగ్గానీ తెలియలేదు.

మూడో ఏడు ఎండాకాలం మొదట్లో యజమాని అందర్నీ హాల్లోకి పిలిచాడు. గొంతు సవరించుకుని, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరిహద్దు అవతల షెడ్డు తీసుకున్నా. మిషన్లు అక్కడికే తరలిస్తా. నేను ఓటు కూటమిలో ఉండాలనే వేశా. మీరేం వేశారో మీకే తెలుసు."

నలభై మందిలో ఒక్కరూ పెద్దక్క వంక చూడలేదు. చూసి తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

పని ఆగి రెండు నెలలు గడిచాయి. మిషన్లు దేశం దాటించడానికి అనుమతి రాక, హాల్లోనే గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. అప్పుడొచ్చాడు తమ్ముడు, స్వయంగా ఇంటికి. చాలా రోజులకి చెప్పులు గుమ్మం బయట విడిచి, వంటగదిలో పీట మీద కూర్చున్నాడు.

"వర్తక మంత్రి మనూరు వస్తున్నాడక్కా. బయటికొచ్చాక బాగుపడ్డ కార్ఖానా ఒకటి చూపించాలి."

"ఎక్కడుంది అలాంటిది?"

"మీదే."

పెద్దక్క నవ్వింది. తమ్ముడు నవ్వలేదు.

"ఒక్క పూట మీవాళ్ళని తెచ్చి మిషన్ల ముందు కూర్చోబెట్టు. కూలి ఇప్పిస్తా. మీ యజమానితో మాట్లాడేశా, ఆయనకి మిషన్ల అనుమతి కావాలి, ఒప్పుకున్నాడు. మంత్రి అడిగితే పని పెరిగిందని చెప్పు. అంతే."

"చచ్చినా చెప్పను. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావురా?"

తమ్ముడు ముందుకు వంగి, గొంతు తగ్గించాడు. "సైన్యానికి బూట్ల ఆర్డరు ఉంది. ఏడాదికి లక్ష జతలు. మూసేసిన కార్ఖానాకి ఇవ్వరు, నడుస్తున్నదానికే ఇస్తారు. నీ మీద ఒట్టు అక్కా. ఈ ఒక్క పూట గట్టెక్కితే, మీ మిషన్లు ఎక్కడికీ పోవు."

ఆ మాటతో ఆమె మెత్తబడింది. తమ్ముడిని నమ్మి కాదు. నలభై గడపల ముందు మళ్ళీ తలెత్తుకుని నిలబడే దారి ఇంకొకటి కనిపించక.

గడప గడపకీ తిరిగింది. ఒకామె తలుపు సగమే తీసింది. ఇంకొకామె, "మళ్ళీ మాటలు చెప్పడానికొచ్చావా?" అంది. కానీ సైన్యం ఆర్డరు సంగతి వినగానే, అందరి కళ్ళల్లోనూ అదే ఆశ. ముప్పై ఏడుగురు వచ్చారు.

హాలు తుడిచి, మిషన్లకి నూనె పెట్టారు. తోలు లేదు. గోదాములో మిగిలిన బూజుపట్టిన తోలే తుడిచి, మంచివైపు పైకి పెట్టి కుట్టారు. దారం కూడా చాలక, వెనక వరసలో సూదులు ఉత్తినే ఆడాయి. మంత్రి, ఆయన వెనక తమ్ముడు, ఇద్దరి ముందు కెమెరాలు. మంత్రి పెద్దక్క మిషను దగ్గర ఆగి, తోలు ముక్క చేత్తో తడిమి చూశాడు.

"ఎలా ఉందమ్మా పని? కూటమి నుంచి బయటికొచ్చాక కష్టంగా ఉందని కొందరంటున్నారు."

పెద్దక్క నోరు తెరిచింది. ఆ క్షణంలో ఉన్నదున్నట్టు కక్కేయాలని గొంతు దాకా వచ్చిన మాట నిజం. అటు చూస్తే ముప్పై ఏడు జతల కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

"పని రెట్టింపయిందయ్యా," అంది. "చేతులు చాలడం లేదు."

అడగకపోయినా ఇంకో మాట కూడా చేర్చింది. "ఇంకా పాతిక మందిని తీసుకుంటామంటున్నారు."

మంత్రి భుజం తట్టాడు. ఆ సాయంత్రం దేశమంతా ఆమె మొహం టీవీలో చూసింది. ఎంత బాగా చెప్పిందో! తనని తానే చూసుకుని నమ్మబోయింది.

సైన్యం ఆర్డరు మూడు వారాల తర్వాత రాజధాని దగ్గరి వేరే కంపెనీకి పోయింది. దాని యజమాని మంత్రికి వియ్యంకుడట. తమ్ముడు ఫోను ఎత్తలేదు. తమ కార్ఖానా యజమానికి మాత్రం ఆ వారంలోనే అనుమతి కాగితం చేరింది. రెండు రోజుల్లో మిషన్లన్నీ విప్పుకుని వెళ్ళిపోయాడు. హాలు నేల మీద నలభై చోట్ల నూనె మరకలు మిగిలాయి.

కూటమి నుంచి బయటికి రావడంవల్ల పని పోయినవాళ్ళకి ప్రభుత్వం ఏడాదిపాటు భృతి ఇస్తుందని చట్టంలో ఉంది. ఆడవాళ్ళంతా అర్జీలు పెట్టారు. అందరివీ ఒకే జవాబుతో తిరిగొచ్చాయి. పెద్దక్క తనది పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

అధికారి మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, తన ముందున్న తెరని ఆమె వైపు తిప్పాడు.

"మీరేకదమ్మా ఇది?"

తెర మీద పెద్దక్క చెబుతోంది, పని రెట్టింపయిందని, చేతులు చాలడం లేదని.

"మీ కార్ఖానా నడుస్తున్నట్టు సాక్షాత్తూ మంత్రిగారి పర్యటన రికార్డులో ఉంది. ఆ తర్వాత యజమాని తన ఇష్టంతో తరలించుకుపోతే, దానికీ కూటమికీ సంబంధం లేదని మావాళ్ళు రాసేశారు."

పెద్దక్క కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అది అబద్ధం సార్. అప్పటికి రెండు నెలల కిందటే పని ఆగిపోయింది. నాతో చెప్పించారు."

"ఎవరు?"

"మా తమ్ముడు," అంది.

అధికారి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "రాసిస్తే మిగతావాళ్ళ ఫైళ్ళు తిరగదోడొచ్చు. కానీ తప్పుడు మాట చెప్పినట్టు ఒప్పుకున్నవాళ్ళకి భృతి రాదు. కేసు కూడా పెట్టొచ్చు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది సార్, కాగితం ఇవ్వండి."

అక్కడే కూర్చుని, మూడు పేజీలు రాసి సంతకం పెట్టింది. ఎవరెవరిని పిలిచింది, ఏం కుట్టారు, సూదులు దారం లేకుండా ఎలా ఆడాయి, అన్నీ.

రెండో రోజు తమ్ముడు వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు.

"నన్ను రోడ్డున పడేస్తావా? సొంత తమ్ముణ్ణి!"

"ముప్పై ఏడుగురు రోడ్డున పడే ఉన్నార్రా."

"వాళ్ళు నీకేమవుతారు?"

"ఏమవుతారో, నన్ను ఆ బల్లెక్కించి ఓటెయ్యమని చెప్పించినప్పుడు అడగాల్సింది."

"నేను బలవంతం చేశానా అక్కా? నీ నోటితో నువ్వే చెప్పావు. రెండుసార్లూ."

అతను చెప్పింది నిజమే. తమ్ముడు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇవాళ్టితో నాకు అక్క లేదు," అన్నాడు. మర్నాడు పేపర్లో మాత్రం అక్కని గురించి చాలానే చెప్పాడు. మా అక్కకి కొంతకాలంగా మతి స్థిమితంగా లేదనీ, ప్రతిపక్షాలవాళ్ళు ఆమె అమాయకత్వాన్ని వాడుకున్నారనీ, ఆమెకి మంచి వైద్యం చేయిస్తాననీ. ఆ వార్త చూసి ఊళ్ళో కొందరు ఆమెని జాలిగా పలకరించారు. తిట్లకంటే అది ఎక్కువ నొప్పించింది.

తమ్ముడు రోడ్డున పడలేదు. మరుసటి ఎన్నికల్లో ఇంకో నియోజకవర్గం నుంచి గెలిచి, రాజధానిలో ఇల్లు కట్టుకున్నాడు. పెద్దక్క మీద కేసు కూడా ఎవరూ పెట్టలేదు. పెడితే కోర్టులో మంత్రి పర్యటన గురించి మాట్లాడాల్సి వస్తుంది.

ఫైళ్ళు తిరగదోడడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ముగ్గురు ఊరొదిలి వెళ్ళారు, ఒకామె పిల్లని చదువు మానిపించింది. చివరికి అందరికీ భృతి మంజూరైంది, పెద్దక్కకి తప్ప. మంజూరు కాగితం చేతికొచ్చిన రోజున, వెనక వరసలో కూర్చునే ఆమె ఒకర్తే ఇంటికి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికనుకుని పెద్దక్క కుర్చీ వేసింది. ఆమె కూర్చోలేదు.

"మంత్రి ముందే ఈ నిజం చెప్పుంటే, ఎనిమిది నెలలు ఇలా చచ్చేవాళ్ళం కాదు కదా పెద్దక్కా?"

"కాదు," అంది పెద్దక్క.

"నేను కూడా కుట్టాననుకో, ఆ బూజు తోలు." అనేసి వెళ్ళిపోయింది.

పెద్దక్కకి ఆసుపత్రి బట్టలుతికే చోట పని దొరికింది. చిరిగిన దుప్పట్లు, డాక్టర్ల కోట్లు బాగుచెయ్యాలి. నేలమాళిగలో ఒక గది, ఒకే ఒక్క మిషను, పైన గొట్టాల్లోంచి వేడి ఆవిరి. అక్కడెవరూ ఆమెను పెద్దక్క అనరు. మేడమ్మీది నర్సులు కుట్టావిడ అంటారు.

మళ్ళీ ఓటు రాబోతోంది. కూటమిలోకి తిరిగి చేరాలా వద్దా అని ఈసారి. దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి, పనిలో పనిగా ఓ మధ్యాహ్నం అడిగింది.

"పెద్దదానివి, నాలుగూ చూసినదానివి. ఎటు వెయ్యమంటావ్ పిన్నీ?"

పెద్దక్క పాదం తొక్కుడు పలక మీద ఆగింది.

"నన్నడక్కమ్మా," అంది. "నాకు తెలిసింది చెప్పగలను కానీ, నువ్వు నా మాట మీద వెయ్యకూడదు."

"అదేంటి, చెప్పొచ్చుగా?"

పెద్దక్క చినుగు ఎక్కడిదాకా పాకిందో చూడడానికి దుప్పటిని దీపం వెలుగులోకి లాక్కుంది.