హమ్మూ ఎర్ర చుక్కలు

తూరియా ఫోన్ల రిపేరు కొట్టు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: మూడు నెలల్లో తీసుకెళ్లని ఫోన్లకు మా పూచీ లేదు. దెర్బ్ గల్లెఫ్ బజారులో ఇది అందరూ ఒప్పుకున్న పద్ధతే. గడువు దాటిన ఫోనును విప్పేస్తారు. తెర ఒకదానికి, బ్యాటరీ ఇంకోదానికి, బోర్డు మరోదానికి. మూడు చచ్చిన ఫోన్లు కలిస్తే ఒకటి లేచి కూర్చుంటుంది. చెత్తకుప్పకు పోవలసిన సరుకుతో సగం కాసాబ్లాంకా మాట్లాడుకుంటోందంటే ఆ పుణ్యం ఈ రేకుల కొట్లదే. తూరియాకు ఆ గర్వం కాస్త ఎక్కువ కూడా.

ఆ ఉదయం హమ్మూ వచ్చి నిలబడ్డాడు. మొహమ్మదియా రేవులో చిన్న పడవ మీద చేపలు పట్టే మనిషి. ఉప్పునీళ్లలో పడి చచ్చిన ఫోను ఆమెకిచ్చి, వారంలో వస్తానని చెప్పి, ఆక్టోపస్ వేటకు దక్షిణాన ఎక్కడో దూరానున్న దాఖ్లా పోయాడు. తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది.

"ఏం చెల్లెమ్మా, నా ఫోను బతికిందా?"

"గోడమీద రాసింది చదవలేదా అన్నా? ఐదు నెలలైంది."

"చదువే వస్తే సముద్రం మీదికెందుకు పోతాను? ఫోను పోతే పోనీ. లోపలున్న చుక్కలు కావాలి నాకు. పటంలో ఎర్ర చుక్కలు. పదకొండేళ్లు తిరిగి తిరిగి పెట్టుకున్నాను. పొగమంచులో చేప ఎక్కడుందో అవే చెప్తాయి. అవి లేకపోతే ఇంక నేను ఒడ్డున కూర్చుని ఊరోళ్ల వలలు కుట్టుకోవాల్సిందే."

తూరియాకు ఆ చుక్కలు గుర్తొచ్చాయి. ఆ ఫోను జ్ఞాపకమంతా ఉండే బోర్డును ఆమే బ్రష్షుతో ఉప్పు వదిలేదాకా తోమి, వేరే తొడుగులో పెట్టి అమ్మేసింది. అమ్మేముందు లోపలున్నదంతా తుడిచెయ్యడం ఆమె నియమం. ఆ రోజు తుడవలేదు. కొనడానికి వచ్చిన జిలాలీదీ అదే రేవు. నెట్టు లేకున్నా పనిచేసే సముద్రం పటం చూసి, "దీన్ని ముట్టుకోకక్కా, ఇలాగే ఇచ్చెయ్" అన్నాడు. సరుకు కదిలితే చాలనుకుని ఇచ్చేసింది. ఎర్ర చుక్కలు ఆమె కంట్లోనూ పడ్డాయి. ఏవో హోటళ్ల గుర్తులనుకుంది. నడి సముద్రంలో హోటళ్లేమిటని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

నిన్ననే జిలాలీ మళ్లీ వచ్చి, రోజుకొక చుక్క దగ్గర చేపే చేపని మురిసిపోయి, బావమరిదికి కూడా అలాంటి అదృష్టం ఫోనే కావాలని చెప్పి నంబరు ఇచ్చి వెళ్లాడు.

ఎవరికి అమ్మానో గుర్తులేదని తేల్చేసి ఊరుకోవచ్చు. గోడమీద రాత ఉండనే ఉంది. కానీ ఎదురుగా టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డ మనిషిని చూస్తే ఆమెకు సిగ్గేసింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

హమ్మూ మొహం కందగడ్డయింది. "జిలాలీకా? మా పక్క పడవోడికా? నా సముద్రమంతా తీసి వాడి జేబులో పెట్టావు కదమ్మా!"

"తప్పు నాదే అన్నా. ఫోను తెప్పించి నీ చుక్కలు నీకు ఎక్కించిస్తాను. కానీ వాడు చూసేసినవి నేనెలా తుడవను?"

"ఎన్ని చూశాడంట?"

"దక్షిణం కొస నుంచి రోజుకొకటట. నిన్నటికి ఏడయ్యాయి. ఇవాళ ఎనిమిదోది."

హమ్మూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. ఉన్నట్టుండి ముక్కాలి పీట మీద కూలబడ్డాడు.

"ఎనిమిదోది చేప కాదు, రాయి. పోటు మీద కనబడదు. మా తమ్ముడి పడవ అక్కడే ముక్కలైంది. నాకు ఎర్ర చుక్క పెట్టడమొక్కటే వచ్చు, దానికీ అదే పెట్టాను. ఫోను చెయ్యమ్మా, తొందరగా చెయ్!"

తూరియా జిలాలీ ఇచ్చిన నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. మూడోసారికి కలిసింది. ఇంజను హోరు మధ్య జిలాలీ గొంతు వినబడింది.

"జిలాలీ, నేను హమ్మూని. ఆ చుక్క దగ్గరికి పోకు. కింద రాయుంది."

అవతల ఒకటే నవ్వు. "ఓహో, మావా, ఈ చుక్కలు నీవేనా? ఏడింట్లోనూ చేపే దొరికింది. ఇదొక్కటే రాయా? మంచిది నీకు దాచుకుని నన్ను బెదరగొడుతున్నావా? వచ్చేశాను, ఇంకెంత, పిలుపు దూరం."

"నిజంరా!"

"నేనైనా అలాగే చెప్తాను మావా."

హమ్మూ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏం చెబితే జిలాలీ నమ్ముతాడో తూరియాకు తోచలేదు. హమ్మూకు తెలుసు. అది చెప్పడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు, అయినా చెప్పాడు.

"అయితే విను. పడవ ఉత్తరానికి తిప్పు. తొమ్మిదో చుక్క దగ్గర అడుగున ఎర్ర చేప, బోలెడుంది. వల బాగా లోతుకి దించు. పదోదానికి ఆటు మొదలయ్యాకే పో, ముందు పోతే ఏమీ దొరకదు. పదకొండోది మా తమ్ముడికి కూడా చెప్పలేదు. అక్కడంతా ఆక్టోపస్ గూళ్లే. పోయి చూసుకో. అబద్ధమైతే రేపు రేవులో నా మొహాన ఉమ్ము. ఆ ఎనిమిదోది ఒక్కటీ వదిలెయ్ నాయనా. మిగతావన్నీ చేపలే."

అవతల నవ్వు ఆగిపోయింది. ఇంజను హోరు నెమ్మదించింది.

"తిప్పుతున్నానన్నా" అన్నాడు జిలాలీ.