ఎడమ ఒడ్డు మాత్రమే వచ్చింది

ఉదయం తొమ్మిది నుంచి మా హాల్లోకి ఒక నది దిగుతోంది. పదకొండయ్యేసరికి ఎడమ ఒడ్డు మాత్రమే వచ్చింది. సోఫాకీ టీవీ బల్లకీ మధ్య తడి ఇసుక, పన్నెండు రెల్లు దుబ్బులు, నీళ్ళు లేని నీళ్ళ చప్పుడు. కంప్యూటర్ తెర మీద ఏడు శాతం అని ఉంది.

నది ఒక ఆటలోది. ఆట మొత్తం అరవై జీబీలు. మా ఇంటి కనెక్షన్ మూడు వందల ఎంబీపీఎస్‌ది. ఆ లెక్కన నది, అవతలి కొండలు, గుర్రాలు అన్నీ అరగంటలో ఇంట్లో ఉండాలి.

ఆటలో రేవు దగ్గర వకుళక్క నాకోసం నిలబడి ఉంది. అనకాపల్లిలో ఆమె చక్రాల కుర్చీలో ఉంటుంది. పదకొండేళ్ళ క్రితం కాలువ వంతెన మీద స్కూటర్ జారినప్పుడు నడుపుతున్నది నేను, వెనక కూర్చున్నది అక్క. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. అక్కకు వెన్నెముక దెబ్బతింది.

పోయిన నెల అక్క ఫోన్ చేసి, ఈ ఆటలో తాను నడుస్తున్నానని చెప్పింది. పక్కన ఎవరూ లేకుండా నడవడం బాగా లేదట, నన్నూ రమ్మంది. నేను నెల రోజులు ఏదో ఒక వంక చెబుతూ వచ్చాను. ఆట తయారుచేసినవాళ్ళు ఆ రేవున్న ఒడ్డును ఈ సాయంత్రం నాలుగింటికి మూసేస్తున్నారు.

పన్నెండింటికి ఇంటర్నెట్ ఆఫీసు నుంచి ఇమ్మానుయేలు గారు వస్తారు. యాభై దాటిన మనిషి. బూట్లు చేత్తో పట్టుకుని ఇసుక దాటి, తన లాప్‌టాప్‌ను మా లైనుకు తగిలిస్తారు. మూడు వందలూ వస్తున్నాయి. నన్ను వరండాలోకి పిలిచి వీధి చూపిస్తారు.

మా గేటు నుంచి మలుపు దాకా ఆట వరసలో నిలబడి ఉంది. కొండలు ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. నలభై గుర్రాలున్నాయి. చాపలా చుట్టిన ఆకాశం ఒకటి గోడకు ఆనించి ఉంది. ఎదురింటావిడ ముందున్న కొండ మీద వడియాలు ఎండబెట్టుకుంటోంది.

ఇమ్మానుయేలు గారు వైఫై ఆపి, కంప్యూటర్‌కు నేరుగా వైరు పెడతారు. వెనకాల ఇంకేమైనా నడుస్తున్నాయా అని అడుగుతారు. నా ఫోన్‌లోంచి ఫొటోలు ఎక్కడికో వెళుతుంటే వాటిని ఆపుతాను. తర్వాత ఆయన సర్వర్‌ను ముంబయి నుంచి సింగపూర్‌కు మారుస్తారు. వీధిలో వరస మొత్తం లేచి, చుట్టూ తిరిగి, అటు చివర నుంచి వస్తుంది. ఈసారి కొండలకు సముద్రపు వాసన ఉంది. తెర మీద తొమ్మిది శాతం.

"వీధి దాకా అన్నీ వచ్చేసినాయండి," అంటారాయన. "మీ ఇంట్లోనే ఎక్కడో ఇరుగ్గా ఉందండి."

"ఇంట్లో ఎక్కడండీ?"

"రాసుకునే చోటండి."

వచ్చిన ప్రతిదీ డిస్కులో రాసుకోవాలని, అక్కడ రాత నెమ్మదిగా ఉంటే లైను ఎంత వేగమైనా గుమ్మం బయటే ఆగాలని వివరిస్తారు. స్క్రూలు విప్పి కంప్యూటర్ పక్క రేకు తీస్తారు.

డిస్కు ఒక చిన్న గది. తలుపు నా మోకాలి ఎత్తుంది. లోపల ట్యూబ్‌లైటు కింద పంతొమ్మిదేళ్ళ అమ్మాయి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పసుపు చుడీదారు, మోచేతికి కట్టు. అది నేనే. నదిలోని గులకరాళ్ళను ఒక్కొక్కటే తీసి, బొటనవేలితో రుద్ది చూసి, నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు లోపలికి వదులుతోంది.

ఇమ్మానుయేలు గారు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంటారు. కొత్త డిస్కు పది నిమిషాల్లో వేసేయొచ్చంటారు. అందులో ఈ అమ్మాయి ఉండదట. మరి తను ఎక్కడికి వెళుతుందని అడుగుతాను. పాతవాటిని వాళ్ళే సంచిలో వేసుకుని తీసుకుపోతారట. ఆయన గొంతులో అది చేయాలన్న ఇష్టం వినిపించదు. కాసేపు ఆగమంటాను.

నేల మీద పడుకుని తల లోపలికి పెడతాను. ఏం చూస్తున్నావని అడిగితే, ఏది జారుతుందో చూస్తున్నానంటుంది. పదకొండేళ్ళుగా మా ఇంట్లోకి వచ్చిన ప్రతి బొమ్మా ప్రతి పాటా అలాగే చూసిందట. ఒక్కరోజూ పడుకోలేదట.

"అన్నీ ఒకేసారి వదిలేస్తే, అక్క పడితే?" అని అడుగుతుంది.

పడదని చెప్పడానికి నోరు తెరుస్తాను. అది అబద్ధం కాబట్టి గదిలోకి పోదు, తలుపు దగ్గరే ఆగిపోతుంది.

"పడొచ్చు," అంటాను. "నేను పక్కనే ఉంటాను."

ఆమె చేతిలోని గులకరాయి కింద పెడుతుంది. ఆ మాట రాసుకోవచ్చా అని అడుగుతుంది. రాసుకోమంటాను. ఒక్క వాక్యం రాసి పుస్తకం మూసేస్తుంది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తాను. ఇమ్మానుయేలు గారు తన సీసాలోంచి నీళ్ళిస్తే గటగటా తాగి, సోఫా మీద ఒరిగి నిద్రపోతుంది. దుప్పటి కప్పుతాను.

ఇప్పుడు అన్నీ వస్తాయి. కొండలు తల వంచుకుని గుమ్మం దాటుతాయి, ఎదురింటావిడ వడియాల గుడ్డ సర్రున లాక్కుంటుంది. గుర్రాలు వంటింటి మీదుగా వెళతాయి. మూడూ నలభైకి నీళ్ళు వస్తాయి. ఇమ్మానుయేలు గారు కాగితం మీద నా సంతకం తీసుకుని, ప్యాంటు మడతపెట్టి, ఏటికి ఎదురుగా నడుచుకుంటూ వెళ్ళిపోతారు.

హాల్లోని ఒడ్డు వెంట నడిచి, నాలుగింటికి ఎనిమిది నిమిషాలుండగా నేను రేవు చేరతాను. అక్క నాకు గుర్తున్నదానికంటే పొడుగ్గా ఉంది.

"ఇంతసేపా మంజూ?" అంటుంది. తిట్టదు. చెయ్యి చాపుతుంది.

నడుస్తాం. రెండో మలుపులో ఒక రాయి మీద అక్క కాలు జారుతుంది. పట్టుకోవాలని చూస్తాను కానీ అందదు. ఆమె కింద కూర్చుండిపోతుంది. నేను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంటాను. అక్క తన అరికాళ్ళ వైపు చూసుకుని నవ్వుతుంది. పడి చాలా కాలమైందంటుంది. నా భుజం మీద చెయ్యి వేసి తనే లేస్తుంది.

నాలుగవుతుంది. మా వెనక నేల దుప్పటిలా మడతలు పడుతూ వస్తోంది. మేం తొందరపడం. అక్క ఆగి పడమటి వైపు చూపిస్తుంది. అక్కడ ఏదో గుంపుగా ఎగిరి వస్తోంది. కొంగలనుకుంటాను. కావు. అవి అక్క ఈ పదకొండేళ్ళలో నడవని అడుగులు. వేలకొద్దీ దిగి, మా చుట్టూ మెల్లగా వాలి, వేళ్ళు ముడుచుకుని కూర్చుంటాయి. అక్క వంగి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటుంది. వెచ్చగా ఉందని చెప్పి నా చెవికి ఆనిస్తుంది. లోపల ఎవరో చెప్పులు లేకుండా మెట్లెక్కుతున్నారు. ఇంకా చాలా అంతస్తులు ఉన్నట్టున్నాయి.