లోపలికి పీల్చిన అవును

మా స్కూల్లో ఐదో తరగతి పిల్లలు పదకొండు మంది కలిసి ఒక ఆడియో పుస్తకం చేశారు. అడవిలో కొట్టిన దుంగల్ని నదిలో తేల్చి మిల్లుకు పంపిన రోజుల కథలు. ముసలివాళ్ళ దగ్గర కూర్చుని విన్నారు, తామే రాశారు, తామే చదివారు. కోట్లు తగిలించే గదిలో, చలికోట్ల మధ్య మైక్ పెట్టి రికార్డు చేశాం. ఆ కోట్లు చప్పుడును మింగినట్టు ఏ గోడా మింగదు. చదివించింది నేను, మైవోర్‌ని. ఇరవై ఆరేళ్ళు రంపపు మిల్లులో పనిచేసి, ఇప్పుడు స్కూలు లైబ్రరీ చూస్తున్నాను.

స్టాక్‌హోమ్ నుంచి సౌండ్ ఎడిటర్ యోవాకిమ్ వచ్చాడు. మా రికార్డింగులన్నీ కోసి, అతికించి, పూర్తయిన ఫైల్ తెచ్చాడు. చూపు లేనివాళ్ళ లైబ్రరీకి అది ఆ సాయంత్రం నాలుగింటికల్లా పంపాలి. ముందు పిల్లలకు వినిపించాడు.

ఆరో కథ టిల్డెది. వాళ్ళ తాత ఎవర్ట్ గురించి.

"విచారణ అధికారి అడిగాడు: తాడు లేదని హోల్గర్ చెప్పినా వినకుండా అతన్ని దుంగల మీదికి పంపింది మేస్త్రీయేనా?" టిల్డె గొంతు గట్టిగా, స్పష్టంగా వినిపించింది. ఆ వెంటనే, "తాత టోపీ తీసుకుని బయటికి వచ్చాడు."

టిల్డె కుర్చీలోంచి లేచింది.

"మా తాత జవాబేది?"

"ఏ జవాబు?" అన్నాడు యోవాకిమ్.

"అవునన్నాడు కదా! నేను చదివాను. ఏది?"

స్టాక్‌హోమ్‌కు దూరంగా, మా ఉత్తరాదిలో అవునని చెప్పడానికి మాట వాడం. పెదాలు ముడిచి, గాలి ఒక్కసారి చుర్రుమని లోపలికి పీలుస్తాం. పెళ్ళిలోనైనా అంతే, చావు మంచం దగ్గరైనా అంతే. విన్నవాడు రెండోసారి అడగడు.

యోవాకిమ్ మొహం ఎర్రబడింది. "అది ఊపిరి అనుకున్నాను. పుస్తకంలో ఊపిరి చప్పుళ్ళన్నీ తీసేశాను. శుభ్రం చేయడమంటే అదే కదా."

"శుభ్రమా? మా నోళ్ళు ఊడ్చమని నీకు చీపురు ఎవడిచ్చాడయ్యా?" అన్నాను.

నా కోపం ఈ ఒక్క పుస్తకానిది కాదు. పందొమ్మిది వందల అరవై ఒకటి వసంతంలో నది మలుపులో దుంగలు అడ్డం పడ్డాయి. వాటిని విడదీయడానికి ఎక్కిన హోల్గర్ వాటి కిందే పడి పోయాడు. మేస్త్రీ అతన్ని నడుముకు తాడు లేకుండా పంపడం చూసింది ఎవర్ట్ ఒక్కడే. అప్పటికి పందొమ్మిదేళ్ళు. విచారణలో అడిగారు, అతను గాలి పీల్చాడు, ఇంటికి వెళ్ళాడు. దక్షిణాది నుంచి వచ్చిన గుమాస్తా కాగితం మీద రాసుకున్నాడు: సాక్షి మౌనంగా ఉన్నాడు. కంపెనీ తప్పేమీ లేదని తేల్చారు. అజాగ్రత్తతో చచ్చాడని హోల్గర్ మీదే రాశారు. ఆ కాగితం ఎవర్ట్ కంటబడేసరికి హోల్గర్ భార్య కూడా పోయింది. కంపెనీకి భయపడి నోరు మూసుకున్నాడని ఊళ్ళో సగం మంది ఇవాళ్టికీ అనుకుంటారు. ఆ మాట తుడిచేయాలనే టిల్డె ఈ కథ రాసింది. ఎవర్ట్‌కు చూపు పోతోంది. ఆయన ఈ పుస్తకాన్ని వినడమే గానీ చదవలేడు.

"మొదటి రికార్డింగ్ తియ్యి. ఆ ముక్క వెనక్కి పెట్టు."

"లేదు మైవోర్. బాగుందని నువ్వు సంతకం పెట్టాక తుడిచేశాం." అని ఆగి అడిగాడు: "నువ్వు వినలేదా?"

మొదటి రెండు కథలే విన్నాను. బాగున్నాయి, సంతకం పెట్టేశాను. మిల్లులో చూడకుండా సంతకం పెట్టే పెద్దమనుషుల్ని పేరు పెట్టి తిట్టినదాన్ని నేను.

అంతటితో అయిపోలేదు. యోవాకిమ్ సంచిలోంచి టిల్డె కాగితం తీశాడు. ఊపిరి తీసుకోవలసిన చోటల్లా ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టమని పిల్లలకు నేర్పింది నేనే. గాలి పీల్చడాన్ని అక్షరాల్లో ఎలా రాయాలని టిల్డె అప్పుడు అడిగింది. గీత పెట్టు చాలు, అదేమిటో ఎవరికి తెలియదు గనక అన్నాను. ఊపిరికీ, అవునుకీ అదే ఎర్ర గీత. అదే పొడవు.

"ఈ కాగితం చూసే కోశాను," అన్నాడతను నెమ్మదిగా. "టిల్డె ఇప్పుడు అవును అని నోటితో అంటే అతికిస్తాను. ఐదు నిమిషాలు."

"నేననను," అంది టిల్డె. "ఆయన అలా అనలేదు."

"అయితే పీల్చు. అదే రికార్డు చేస్తాను."

"ఒకసారి పీల్చాను. నువ్వు పారేశావు. ఇక ఆయన్నే అడుగు."

అప్పటికి రెండు దాటింది. వృద్ధాశ్రమం స్కూలు వెనకే. యోవాకిమ్ మైక్, ల్యాప్‌టాప్ మోశాడు, టిల్డె కాగితం పట్టుకుంది, నేను వాళ్ళ వెనక నడిచాను.

ఎవర్ట్ కిటికీ దగ్గర కూర్చుని, మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసుకుంటున్నాడు.

"ఎవరీ కొత్త బూట్లు?" అన్నాడు చప్పుడు విని.

"స్టాక్‌హోమ్ మనిషి, తాతా. నీ జవాబు కోసేశాడు."

"మళ్ళీనా?"

యోవాకిమ్ తలెత్తలేదు. ఆయన గడ్డం ముందు మైక్ నిలబెట్టాడు. నేను గడియారాన్ని గోడ మీంచి తీసి బయట పెట్టి తలుపు వేశాను. టిల్డె ఎదురుగా కూర్చుని, కాగితం చూడకుండా అడిగింది.

"తాడు లేదని హోల్గర్ చెప్పినా వినకుండా అతన్ని దుంగల మీదికి పంపింది మేస్త్రీయేనా?"

ఎవర్ట్ చెంచా కింద పెట్టాడు. పెదాలు ముడుచుకున్నాయి. గాలి చుర్రుమని లోపలికి వెళ్ళింది. అరవై మూడేళ్ళ క్రితం ఎంత చిన్నదో ఇప్పుడూ అంతే చిన్నది. ఆయన దాన్ని ఒక్క పిసరు కూడా పెంచలేదు.

తర్వాత ఆయన మొహం యోవాకిమ్ వైపు తిప్పి, మమ్మల్ని అడిగాడు.

"ఈసారి రాసుకున్నాడా?"

"అవును! అవును, వచ్చింది!" అన్నాడు యోవాకిమ్.

"అరుస్తావెందుకు? నాకు పోయింది కళ్ళు. చెవులు కాదు."

టిల్డె పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. యోవాకిమ్‌ను అక్కడే కుర్చీలో కూర్చోబెట్టాను. అతను అతికించాడు. పదకొండు కథలూ మొదటి నుంచి చివరి దాకా ఎవర్ట్ పక్కన కూర్చుని విన్నాను. ఆ తర్వాతే సంతకం పెట్టాను. అప్పటికి నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది. ఆలస్యమైందని లైబ్రరీ వాళ్ళు ఫోన్ చేస్తే, అరవై మూడేళ్ళు ఆలస్యమైందని చెప్పి పెట్టేశాను.