గంగాలమ్మ కళ్ళు

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద ఆ ఉదయం ట్రాఫిక్ పెద్దగా లేదు. ఆశాజ్యోతి పెందుర్తి నుంచి ఆఫీసుకు కారు నడుపుకుంటూ వస్తోంది. ఓడల సరుకు వ్యవహారాలు చూసే చిన్న కంపెనీలో ఆమె అకౌంట్స్ చూస్తుంది. పక్క సీట్లో ఫోను మోగింది. చెల్లెలు తన నిశ్చితార్థానికి చీరల ఫోటోలు పంపి, ఎర్రదా, ఆకుపచ్చదా అని అడిగింది. ఆశాజ్యోతి ఫోను చేతిలోకి తీసుకుని రెండో ఫోటోను పెద్దది చేసి చూసింది. తల ఎత్తేసరికి కారు అద్దం మీద కవళ్ళ చేపలు జారుతున్నాయి.

బ్రేకు ఎప్పుడు తొక్కిందో ఆమెకు తెలియదు. దిగి చూస్తే చేపలమ్మే ఆవిడ రోడ్డు మీద పడి ఉంది. ఎడమకాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయింది. తట్ట దూరంగా దొర్లిపోయింది. జనం మూగారు. తనను కొడతారేమో అనుకుంది ఆశాజ్యోతి. కానీ పడిపోయిన ఆవిడే పళ్ళు బిగబట్టి, "ఆయమ్మనేటీ అనకండి. నానే సూసుకోకుండా అడ్డమొచ్చీసినాను గావాల" అంది.

ఆ మాటతో జనం మెత్తబడ్డారు. టీకొట్టు అతను ఆశాజ్యోతికి కుర్చీ వేశాడు. "పాపం, ఎలాగ బెదిరిపోనాదో సూడు" అంటూ ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు. కాలు విరిగిన మనిషికంటే ముందు ఆమె తాగింది.

తర్వాత తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆవిడ పేరు గంగాలమ్మ. ఒడ్డున జాలర్ల పల్లెలో ఉంటుంది. మొగుడు పైడయ్య వేటకెళ్ళి తెచ్చిన చేపల్ని తట్టకెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్ముతుంది. కాలికి ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆ ఖర్చంతా ఆశాజ్యోతే పెట్టుకుంది.

హెడ్ కానిస్టేబుల్ అప్పలసూరి వచ్చి మంచం పక్కన నిలబడి అడిగితే, గంగాలమ్మ రోడ్డు మీద చెప్పిందే మళ్ళీ చెప్పింది. అతను ఆశాజ్యోతి వైపు తిరిగాడు.

"మీరేటంటారమ్మా?"

ఫోను ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

"సడన్‌గా అడ్డమొచ్చారండీ" అంది ఆశాజ్యోతి.

అప్పలసూరి తల ఊపి రాసుకున్నాడు. కేసేమీ వద్దని గంగాలమ్మ వేలిముద్ర వేసింది.

ఆ తర్వాత ఆశాజ్యోతి వీలైనప్పుడల్లా గంగాలమ్మను చూడడానికి వెళ్ళేది. మొదట ఆస్పత్రికి, తర్వాత పల్లెలో వాళ్ళ ఇంటికి. బత్తాయిలు ఒలిచి తొనలు చేతికిచ్చేది. పైడయ్య ఆమెకు చాప వేసి, పెళ్ళాం మీద విరుచుకుపడేవాడు.

"కళ్ళు ఏడెట్టుకుని నడిసినావే? సేపలు పడీ రోజుల్లో కాలిరగ్గొట్టుకుని కూకున్నావు. ఇప్పుడవన్నీ ఎవులమ్ముతారు? నీ బాబొచ్చి అమ్ముతాడేటి?" ఆ వెంటనే గొంతు తగ్గించి, "నువ్వు బంగారం లాంటిదానివి తల్లీ. ఇంకోలయితే ఆడే వొదిలీసి పోదురు" అనేవాడు.

గంగాలమ్మ కళ్ళు నులుముకునేది. తిట్లు తినడం అలవాటైన మనిషిలా లేదామె. తప్పెక్కడ చేశానా అని వెతుక్కునే మనిషిలా ఉంది. అది చూడలేక ఆశాజ్యోతి చేతిలోని బత్తాయి మీదికి తల వంచుకునేది.

ఆఫీసులో అందరూ ఆమెనే పరామర్శించారు. "మీరు కాబట్టి ఇంత చేస్తున్నారు" అన్నారు. మొదట్లో ఆ మాట ఆమెకు హాయిగానే ఉండేది. తర్వాత్తర్వాత అలా అన్నవాళ్ళకు ఎదురుపడకుండా తప్పుకు తిరగడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం పైడయ్య ఇంట్లో లేడు. గంగాలమ్మ కాలు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఉన్నట్టుండి ఇలా అంది.

"అమ్మా, నాను ఆ పొద్దు రెండేపులా సూసినాను. నీ కారు ఎక్కడో దూరంగా అవుపించింది. దాటీగలను, కారోలు నన్ను సూసి నెమ్మది సేత్తారు అనుకున్నాను. మరంతలోకే ఎలాగొచ్చీసిందో. నా కళ్ళకి దూరం తెలట్లేదు గావాల."

బత్తాయి ఒలుస్తున్న ఆశాజ్యోతి చేతులు ఆగిపోయాయి.

"మా ఆడబడుసు పోతమ్మ సుక్లం వొచ్చిందంటన్నాది. గుమ్మంలో కూకుని ఒడ్డునున్న పడవలు సూస్తాను. అన్నీ తేటగానే అవుపిస్తన్నాయి. అయినా నమ్మకం లేదు. ఇంక తట్ట ఎత్తొద్దన్నాడు మా ఆయన. నాకూ బయమేస్తంది. పెళ్ళయిన కాడి నుంచీ తట్ట దించలేదమ్మా నాను."

ఆశాజ్యోతి ఏదో పని ఉందని చెప్పి లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి భర్త శివరామకృష్ణకు మొత్తం చెప్పింది. అతను స్టీల్ ప్లాంట్‌లో పని చేస్తాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఫోను సంగతి వినగానే అతని ముఖం మారిపోయింది.

"ఆవిడే వేలిముద్ర వేసింది కదా. ఖర్చులన్నీ మనమే పెట్టుకుంటున్నాం. ఇప్పుడు తవ్వితే కేసవుతుంది, లైసెన్సు పోతుంది. ఇంకేం చెయ్యాలంటావ్?"

"ఆవిడ తన కళ్ళు దెబ్బతిన్నాయనుకుంటోందండీ."

"కళ్ళజోడు కొనిద్దాం."

ఆశాజ్యోతి అతని ముఖంలోకి చూసింది. అన్న మాట అతనికే బాగాలేనట్టుంది. చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆమె పల్లెకు బస్సులో వెళ్ళింది. పళ్ళేమీ తీసుకెళ్ళలేదు. పైడయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. పోతమ్మ గిన్నెలు తోముతోంది. గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆశాజ్యోతి చాప మీద కూర్చోలేదు.

"గంగాలమ్మా, మీ కళ్ళు బాగానే ఉన్నాయి. మీరు సరిగ్గానే చూశారు. నేనే చూడలేదు. ఫోన్లో చీరలు చూస్తున్నాను. పోలీసుకు అబద్ధం చెప్పాను."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పైడయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వల విసిరికొట్టి లేచాడు. ఎవరిని తిట్టాలో తోచలేదతనికి. ఇన్నాళ్ళూ తిట్టింది పెళ్ళాన్ని.

"ఏటే... ఏటంటన్నాదీవిడ?" అన్నాడు గంగాలమ్మతోనే.

గంగాలమ్మ అతని వైపు తిరగలేదు. ఆశాజ్యోతినే చూస్తోంది.

"కాలిరగడం కాదమ్మా. అది ఎవులి సేతిలోనైనా జరుగుద్ది. నా మొగుడు నన్ను అన్నేసి మాటలంటంటే, నా పక్కన కూకుని బత్తాయిలొలిసినావు. నా కళ్ళు పోనాయని నాను ఏడుత్తంటే లేసెల్లిపోనావు. ఎలాగెల్లినావమ్మా?"

"తప్పు చేశాను" అంది ఆశాజ్యోతి.

"నాకు సెప్పడం కాదు. రాసుకున్నోడికి సెప్పు. ఎల్లిపో."

ఆమె అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కు వెళ్ళింది. అప్పలసూరి విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మూసీసిన గొడవ కదమ్మా. ఆలూ ఏటీ అనట్లేదు. ఎందుకు మీకిది?"

"వాళ్ళే పంపించారండీ. నేను చెప్పింది తప్పు. మళ్ళీ రాసుకోండి."

రాసుకున్నారు. కేసయింది. ఆమె కోర్టులో తప్పు ఒప్పుకుంది. జరిమానా పడింది, కొన్నాళ్ళపాటు లైసెన్సు ఆపేశారు. శివరామకృష్ణ చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడాడు. ఒకసారి మాత్రం అన్నం తింటూ, "ఆవిడ నడుస్తోందా?" అని అడిగాడు. ఆశాజ్యోతికి తెలియదు. పల్లెకు వెళ్ళే మొహం లేదామెకు. మందుల డబ్బు మాత్రం పోతమ్మ ఫోనుకు పంపుతూ వచ్చింది. వాళ్ళు వద్దనలేదు, అందిందని చెప్పనూ లేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పోతమ్మే ఫోన్ చేసింది.

"వొదినని ఆస్పత్రికి తీసుకెల్లాల. అన్న వేటకెల్లిపోనాడు. నానొక్కదాన్నీ ఆటో ఎక్కించలేను. వస్తే రా."

ఆశాజ్యోతి ఆఫీసులో సెలవు చెప్పి వెళ్ళింది. గంగాలమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. దారంతా గంగాలమ్మ బయటికే చూస్తూ ఉంది. దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఆశాజ్యోతి భుజం మీద చెయ్యి వేసింది. బరువంతా మోపి దిగింది. అడుగు నేల మీద ఆనగానే చెయ్యి తీసేసింది.

లోపల కొత్త డాక్టరు ఉన్నాడు. ఎక్స్‌రే లైటుకు ఎదురుగా పెట్టి చూస్తూ, "దెబ్బ ఎలా తగిలింది?" అని అడిగాడు.

గంగాలమ్మ ఆశాజ్యోతి వైపు చూసింది. పోతమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

"నేను కారుతో గుద్దానండీ. ఫోను చూసుకుంటూ నడిపాను" అంది ఆశాజ్యోతి.

డాక్టరు ఒకసారి ఆమె వైపు చూసి, చీటీ రాసిచ్చాడు. ఎముక బాగానే అతుకుతోందని, ఇంట్లో కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టమని చెప్పాడు. ఆ చీటీ ఎవరు తీసుకోవాలో తెలియక ముగ్గురూ ఒక్క క్షణం ఆగారు. గంగాలమ్మ తీసుకుని ఆశాజ్యోతి చేతికిచ్చింది.

"బేగి నడు. మందుల కాడ లైను పెరిగిపోతాది" అంది.