మహిమ బెల్టులు

తడిగుడ్డ గట్టిగా పిండి, పట్టీల సందుల్లోకి వేలు దూర్చి, మహిమ మెడ కింద, చంకల్లో, తొడల మడతల్లో తుడుస్తోంది క్రిస్టీనా. పసిదాని తుంటి కీలు గూట్లో సరిగ్గా కూర్చోలేదని గుంటూరు ఎముకల డాక్టరు ఈ బెల్టులు వేశాడు. భుజాల మీదుగా పాదాల దాకా దిగే మెత్తటి పట్టీలు. కాళ్ళు మడిచి, ఎడంగా ఉంచుతాయి. రాత్రీ పగలూ ఒంటి మీదే ఉండాలి. తీసినా, బిగించినా డాక్టరే చెయ్యాలి.

"బిడ్డకి నీళ్ళు పొయ్యకుండా తుడిచి పడుకోబెట్టే తల్లిని నిన్నే చూశా" అంది అత్త పున్నమ్మ గుమ్మంలో నిలబడి. "ఒళ్ళు గట్టిపడేదెట్టా?"

క్రిస్టీనా గుడ్డ మళ్ళీ తడిపి పిండింది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. కడుపులో ఎదురుకాళ్ళతో ఉన్న పిల్లలకి ఇట్లా కావచ్చని డాక్టరు చెబితే, ఆ మాట ఇంటికొచ్చేసరికి 'నిండు నెలలతో స్కూటీ మీద బడికి పోయింది, అందుకే' అయి కూర్చుంది. సత్తెనపల్లి ప్రైవేటు బడి నుంచి టీచరు జీతం వచ్చినంత కాలం ఆ స్కూటీ ఎవరికీ చేదు కాలేదు. కన్నది తను, పాలిచ్చేది తను, బస్సుల్లో గుంటూరు తిప్పేది తను. తప్పొక్కటన్నా ఎవరైనా పంచుకుంటారా అంటే, అదీ తన కొంగుకే కట్టారు. సాల్మన్ బంగారం లాంటి మొగుడని వాడకట్టంతా అంటారు. మిర్చి లారీ దిగి రాగానే ఆ బంగారం పిల్ల బుగ్గ గిల్లి, "అమ్మ మాట వింటే పోయేదేముంది?" అంటూ కంచం ముందు కూర్చుంటుంది.

పోయేదేమిటో కిందటి వారం కళ్ళారా చూసింది. మేడ మీద గుడ్డలు ఆరేసి దిగేసరికి, పెరట్లో పున్నమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ కాళ్ళ మీద మహిమను పడుకోబెట్టుకుంది. బెల్టులు దండెం మీద వేలాడుతున్నాయి. పిల్ల ఒళ్ళంతా నూనె. పున్నమ్మ పిల్ల పాదాలు రెండూ కలిపి పట్టుకుని, వంకరలు పోవాలని కాళ్ళు తిన్నగా సాగదీస్తోంది. పక్కన సాల్మన్ వేణ్ణీళ్ళ చెంబు అందిస్తున్నాడు. క్రిస్టీనా పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు గోడ దగ్గరికొచ్చారు. దండెం మీది బెల్టులు లాక్కుని, ఆ నూనె ఒంటి పిల్లను అట్లాగే గుండెకి అదుముకుని గుంటూరు బస్సెక్కింది.

డాక్టరు స్కాన్ తీయించి చూసి, బెల్టులు మళ్ళీ బిగిస్తూ, "అదృష్టం, కీలు మళ్ళీ జారలేదు" అన్నాడు. "ఇంకోసారి ఇట్లా లాగితే ఆపరేషన్ దాకా పోవచ్చమ్మా."

పున్నమ్మకి మనవరాలంటే ప్రాణం, అదే చిక్కు. మిరపకోతల నుంచి వస్తే, కారం మంట అంటకుండా సబ్బుతో ఒకసారి, మజ్జిగతో ఒకసారి చేతులు కడుక్కుంటే తప్ప పిల్లను తాకదు. తన బిడ్డలకే కాదు, ఊళ్ళో ఎందరికో ఆ కాళ్ళ మీదే నీళ్ళు పోసింది. ఆ చేతులది తప్పంటే ఎట్లా నమ్ముతుంది? క్రిస్టీనాకి జాలి వేసింది. కానీ అత్త మనసు నొచ్చుకోకుండా ఉండటానికి పిల్ల నడకను ఇచ్చెయ్యలేదు కదా.

ఇవాళ మందిరంలో మహిమ ప్రతిష్ఠ. పాస్టరుగారు బిడ్డను ఎత్తుకుని, సంఘం ముందు దేవుడికి అప్పగించి ప్రార్థన చేస్తారు. పున్నమ్మ చేతిలో తెల్లగౌను ఉంది.

"ఆ సంకెళ్ళ మీద ఇది పట్టదు. గంటసేపు తియ్యి. ఆడపిల్లకి అవిటిదని పేరు పడితే రేపు ఎవరు చేసుకుంటారే?"

సాల్మన్ అద్దం ముందు తల దువ్వుకుంటూ, "గంటే కదా క్రిస్టీ" అన్నాడు.

"నిమిషం కూడా తియ్యను. ఇది నడవాలి. పెళ్ళి సంగతి నడిచొచ్చి అదే చెబుతుంది."

కత్తెర తీసుకుని గౌను పక్క కుట్లు రెండూ తెగ్గోసి, బెల్టుల మీద తొడిగింది. పున్నమ్మ ఒక తువ్వాలు మడిచి చంకన పెట్టుకుంది.

మందిరంలో పేరు పిలవగానే పున్నమ్మ వెనక నుంచి పిల్ల కాళ్ళ మీద తువ్వాలు కప్పింది. క్రిస్టీనా దాన్ని తీసి సాల్మన్ భుజం మీద వేసి ముందుకు నడిచింది. చాపల మీద ఆడవాళ్ళ గుసగుసలు మొదలయ్యాయి. క్రిస్టీనా నడక వేగం పెంచింది. సిగ్గుతో కాదు, కోపంతో.

పాస్టరుగారు చేతులు చాచి, బెల్టులు చూసి ఆగిపోయారు. "ప్రార్థన అయ్యేదాకా ఇవి తీస్తావా తల్లీ? ఎట్టా ఎత్తుకోవాలో తెలీటం లేదు" అన్న మాట మైకులో అందరికీ వినబడింది. సాల్మన్ చెయ్యి అప్పుడే ఒక పట్టీ మీదికి వెళ్ళింది. క్రిస్టీనా ఆ చేతిని పట్టుకుని పక్కకి నెట్టింది. తన గొంతు మైకులో వినబడుతుందని తెలిసే మాట్లాడింది.

"తియ్యనండి. ఎత్తుకోవటం తెలీకపోతే నేర్పిస్తాను. భయమేస్తే చెప్పండి, నా బిడ్డను నేనే దేవుడికి చూపిస్తాను."