క్యారియరంటే నేనే అనుకున్నాను

నేను ఒక క్యారియర్ని. ఈ మాట ఇంత ధీమాగా చెప్పి చాలాకాలమైంది. ఒకప్పుడు ఇందులో ఆలోచించాల్సిందేమీ ఉండేది కాదు. నాలుగు గిన్నెలు, ఒక మూత, రెండు పక్కలా పట్టీలు, పైన పిడి. అన్నం మోస్తాను కాబట్టి క్యారియర్ని. కానీ కాకినాడలో పిల్లల రక్తం జబ్బులు చూసే ఆసుపత్రికి వెళ్ళినప్పటి నుంచి నేనెవరినో నాకే సరిగ్గా తెలియడం లేదు. అక్కడ మనుషుల్ని కూడా క్యారియర్లంటారు.

పుట్టింది రాజమండ్రిలో, ఒక సత్తు గిన్నెల కార్ఖానాలో. రేకును గుండ్రంగా కోసి, తిరిగే అచ్చుకు నొక్కిపెడితే గిన్నె లేచేది. అలా లేచిన నాలుగింటిని తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టీ బిగించారు. అప్పుడే నాకు మొదటి సందేహం వచ్చింది, నేను నలుగురినా ఒకరినా అని. అన్నం, పప్పు, కూర, పెరుగు ఒకే చేతికి వేలాడుతూ వెళ్తాయి కదా, కనుక ఒకరినే అని సర్దిచెప్పుకున్నాను.

పిఠాపురంలో నూకరత్నం పుట్టింటివాళ్ళు నన్ను కొని సారెలో పెట్టారు. కొట్టువాడు నా మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టాడు: లోవరాజు. కొన్నది పెళ్ళికూతురివాళ్ళు, వండేది పెళ్ళికూతురు, పేరు మాత్రం పెళ్ళికొడుకుది. మనుషుల లెక్కలు నాకు మొదటినుంచీ అర్థం కావు. ఈ లోవరాజు పరాయివాడేం కాదు, నూకరత్నానికి సొంత మేనత్త కొడుకు. మేనరికమైతే పిల్ల కళ్ళముందే ఉంటుంది, ఏదీ బయటికి పోదు అని పెద్దలు మురిసిపోయారు. బయటికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయేవాటిలో ఇంకేమేం ఉంటాయో ఆ పందిట్లో ఎవరికీ తట్టలేదు.

లోవరాజు ఉప్పాడ రేవులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. రోజూ నేను తనతో వెళ్ళేదాన్ని. నూకరత్నం వంట మీద ఆ రేవులో ఎవరికీ ఫిర్యాదు లేదు. నెత్తళ్ళ చేపల పులుసు పెట్టిన రోజున నా మూత తియ్యగానే పక్క బోటువాళ్ళు కూడా పలకరించడానికి వచ్చేవారు. నా బతుకులో అవే మంచిరోజులని అప్పుడు తెలియదు.

తరవాత లాస్య పుట్టింది. పుట్టినప్పుడు ముద్దుగా ఉన్న పిల్ల ఏడాది తిరక్కుండానే పాలిపోయింది. పొట్ట మాత్రం పెరిగి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి. నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోయేది. టానిక్కులు పట్టారు, తాయెత్తు కట్టారు. లోవరాజు తల్లి మంగాయమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది.

"నీ వంటలో పస లేదే రత్నం. పిల్లకి రక్తమెక్కడినుంచొస్తది?"

మేనత్తే అత్త అయితే ఉన్న సుఖం ఇదే, తిట్టడానికి మొహమాటం ఉండదు. నూకరత్నం అంట్లు తోమేటప్పుడు నన్ను మాత్రం చింతపండేసి, బూడిదేసి, చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దేది. ఆ రుద్దడం నా మురికి కోసం కాదని నాకప్పుడు తెలియలేదు.

చివరికి కాకినాడ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు హేమనళినిగారు తలసీమియా అని పేరు చెప్పింది. అంటే పిల్ల ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, కొన్ని వారాలకొకసారి ఎవరిదో రక్తం ఎక్కించుకుంటూ ఉండాలి. ఈ డాక్టరుగారు వైద్యం ఒక్కటే చేసే మనిషి కాదు. వార్డు పక్కనే ఆవిడకొక లేబరేటరీ ఉంది. పిల్లల రక్తంలోని కణాలను గాజుపలక మీద పరిచి, భూతద్దంలోంచి గంటలకొద్దీ చూస్తూ పరిశోధన చేస్తుంది. తిండి సంగతి గుర్తుండదు. అలాంటివాళ్ళంటే నాకు సహజంగానే పడదు.

తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించాక ఆవిడ వాళ్ళను కూర్చోబెట్టి ఫలితం చెప్పింది. నేను బల్ల మీదే ఉన్నాను. మాట్లాడేటప్పుడు చేతిలో పెన్నుతో ఏదో ఒకటి కొట్టడం ఆవిడ అలవాటు. ఆ రోజు నా మూత దొరికింది.

"మీకు జబ్బు లేదు. క్యారియర్ అంతే." టక్. "పాపకి ఈ క్యారియర్ నుంచే వచ్చింది." టక్. "మీ ఇంట్లో ఇంకా క్యారియర్లుండొచ్చు. ఈసారి అన్నీ తేల్చేద్దాం, తీసుకురండి. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే ముందు ఈ క్యారియర్ సంగతి చూసుకోవాలి, తెలిసిందా?"

"ఆయ్, తెలిసిందండి" అన్నాడు లోవరాజు. చూపు నా మీదే ఉంది.

నాకు కాళ్ళుంటే అప్పుడే పారిపోయేదాన్ని. నేనా? నాలో ఏముంది? నెత్తళ్ళ పులుసులో ఏముంది? నూకరత్నం నన్ను ఒళ్ళోకి తీసుకోలేదు. బస్సులో కాళ్ళ దగ్గర పెట్టింది. ఇంటికెళ్ళేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అత్త అన్నమాటే నిజమైంది, తన చేతివంటే, ఆ వంట మోసిన గిన్నెలే పిల్లను ఇలా చేశాయి అని ఆ పిచ్చితల్లి నమ్మేసింది. నేనూ నమ్మేశాను. అంత చదువుకున్న మనిషి అబద్ధం చెబుతుందా?

మరుసటి ప్రయాణంలో లోవరాజు ఒక గోనెసంచి తెచ్చాడు. అందులో నేను, మంగాయమ్మ పాత ఇత్తడి క్యారియరు, లాస్య అంగన్‌వాడీకి తీసుకెళ్ళే చిన్న డబ్బా, పక్కింటివాళ్ళ దగ్గర ఎప్పుడో తెచ్చి ఇవ్వని మరో క్యారియరు ఉన్నాం. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడని సామెత. మా లోవరాజు కట్టెయ్యడమే కాదు, గడ్డి కూడా వేశాడు. ఆ రోజు డాక్టరుగారు ఏదో సభకని హైదరాబాదు వెళ్ళింది. అటెండరు జకరయ్య సంచి అందుకుని, మేడంగారు టెస్టుకి తెమ్మన్నారని లోవరాజు చెబితే మరేమీ అడక్కుండా, లేబరేటరీలో బల్ల కింద పెట్టేశాడు. ఆయనకి అక్కడ వింతలు అలవాటే.

అలా నేను పరిశోధనలో చేరాను. నా వంతు ఎప్పుడొస్తుందో, నా రక్తం ఎక్కడ పొడిచి తీస్తారో తెలియక సంచి మూతిలోంచి చూస్తూ కూర్చున్నాను. డాక్టరుగారు విద్యార్థులకు పాఠం చెప్పేది. ఎముక లోపలి మూలుగలో ఎర్రకణాలు పుడతాయట. ఒక్కొక్కటీ ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకెళ్తుందట. అంటే అదీ క్యారియరేనా? నా సందేహాల సంచిలో ఇంకొకటి చేరింది. ఈ పిల్లల్లో ఆ కణాలు చాలావరకు మూలుగలోనే, ఇంకా తయారవుతుండగానే చచ్చిపోతాయట. అద్దంలోంచి చూస్తూ ఒక్కోసారి తనలో తనే "ఇదిగో, వీళ్ళంతా పుట్టకుండానే పోయారు" అనేది. ఆ గొంతు విని నాకు దిగులేసేది. ఎవరు పోయారో మాత్రం తెలిసేది కాదు.

ఒకరోజు చెప్పింది: "తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకి ఒక పొయ్యి మీద రక్తం తయారవుతుంది. పుట్టాక ఆ పొయ్యి ఆరిపోయి రెండోది అంటుకుంటుంది. మన పిల్లలకి రెండో పొయ్యి అంటుకోదు. మొదటిది ఆరిపోకుండా చూడగలమా అన్నదే నా గోలంతా." పొయ్యి మాట వచ్చాక నాకు కొంచెం అర్థమైంది. అంతవరకూ తిండి పట్టని మనిషనుకున్నాను. ఆవిడ బాధ కూడా వంటింటి బాధే.

ఈ మధ్యలో లోవరాజు లాస్యను తెచ్చినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు.

"క్యారియర్ల సంగతేంటండి మేడంగారు?"

"దానికేం చెయ్యలేం లోవరాజూ. క్యారియర్లని మార్చలేం కదా" అనేది ఆవిడ, కన్ను అద్దం మీంచి తియ్యకుండా.

"మార్చేశామండి. అంతా స్టీలేనండి ఇప్పుడు."

"మంచిది, మంచిది" అనేది ఆవిడ, వినకుండానే. నేను సంచిలోంచి ఇద్దరినీ చూసేదాన్ని. ఒకే మాట పట్టుకుని చెరో ఊరికి పోతున్నారు. ఏ ఊరు సరైనదో నాకూ తెలియదు.

తేలింది ఒక మధ్యాహ్నం. లాస్యకు రక్తం ఎక్కుతుండగా నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని పరుగెత్తి, లేబరేటరీ ముందున్న కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. హేమనళినిగారు బయటికొచ్చి ఆమెను నిమిషంసేపు చూసింది.

"ఎన్నో నెల?"

"మూడోదండి."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? అంతలా చెప్పాను కదా. ఈ బిడ్డకీ అదే రావొచ్చు."

వెనకనుంచి లోవరాజు అభయమిచ్చాడు. "భయం లేదండి. క్యారియర్లన్నీ ఎప్పుడో మీకప్పజెప్పేశాం గదండీ. కొత్త బిడ్డకి ఇవేవీ తగల్లేదండి."

డాక్టరుగారు జకరయ్య వంక చూసింది. జకరయ్య వెళ్ళి సంచి లాక్కొచ్చాడు. నన్ను బయటికి తీసి పట్టుకుని, మూత మీది పేరు చదివి, ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ముందు నవ్వు వచ్చినట్టుంది. నూకరత్నం మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"మా అత్త కూడా నా వంటవల్లేనని చెప్పిందండి. ఈసారి బాగా తోముకుంటున్నానండి" అంది నూకరత్నం మెల్లగా.

"నీ వంటవల్ల కాదమ్మా. ఈ గిన్నెలవల్ల కాదు. ఆ మాట అనవలసింది కాదు నేను" అంది డాక్టరుగారు.

తరవాత నా పట్టీ విప్పి నాలుగు గిన్నెలనూ బల్ల మీద వరసగా పెట్టింది. రక్తం పట్టే గొట్టాల బిరడాలు కొన్ని తెచ్చింది, తెల్లవి, ఎర్రవి. ఆవిడ చెప్పిన లెక్క ఇది: రక్తం తయారుచేసే గుణం ప్రతి మనిషికీ రెండేసి పాళ్ళుంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తెల్లది మంచిది, ఎర్రది చెడ్డది. తెల్లది ఒక్కటున్నా మనిషి బాగానే ఉంటాడు, ఎర్రదాన్ని మాత్రం తనకు తెలియకుండానే మోస్తాడు. క్యారియరంటే అలా మోసే మనిషి. లోవరాజు దగ్గర తెలుపొకటి ఎరుపొకటి, నూకరత్నం దగ్గరా అంతే. మొదటి గిన్నెలో రెండు తెల్లవి వేసింది. రెండోదాంట్లో, మూడోదాంట్లో ఒక తెలుపు, ఒక ఎరుపు. నాలుగోదాంట్లో రెండూ ఎర్రవే.

"లాస్యకి ఈ గిన్నె పడింది."

నూకరత్నం ఆ గిన్నెను చేతిలోకి తీసుకుంది. "అంటే బావదొకటి, నాదొకటా అండి?"

"చెరొకటి. ఎవరి తప్పూ లేదు."

ఆమె ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపు కాదది, బరువు దించుకున్నవాళ్ళ ఏడుపు. నన్ను అంతగా రుద్దింది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

లోవరాజు మాత్రం లెక్కలో పడ్డాడు. "ఆ నాలుగో గిన్నె పాపతో అయిపోయింది గదండీ. ఇంక మిగిలినవి మూడేనండి, మూడూ మంచివే."

డాక్టరుగారు నాలుగు గిన్నెలనూ మళ్ళీ పేర్చి, పట్టీ బిగించి, పిడి పట్టుకుని నన్ను పైకెత్తింది. "కడుపు పడ్డ ప్రతిసారీ క్యారియరు మళ్ళీ నాలుగు గిన్నెలతోనే వస్తుంది లోవరాజూ. ఏ గిన్నె పడిందో మూత తీస్తేగాని తెలియదు. ఇప్పుడైతే పరీక్ష చేసి ఆ మూత తియ్యొచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే మీరు ఆలోచించుకోవడానికి కూడా వ్యవధి ఉండదు."

ఈసారి లోవరాజు ఆయ్ అనలేదు. నా మూత మీద చెయ్యి వేసి, "తీయండి" అన్నాడు.

ఆ వారంలోనే కడుపులో బిడ్డను అంటిపెట్టుకునుండే మావి నుంచి చిటికెడు ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేలోగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలియదు. ఈ గదిలో మాత్రం హేమనళినిగారు తెచ్చుకున్న డబ్బా రెండు రోజులు మూత తియ్యకుండానే ఇంటికి పోయింది.

వాళ్ళు వచ్చారు. మంగాయమ్మ కూడా వచ్చింది. డాక్టరుగారు కాగితం చూపించలేదు. నా మూడో గిన్నెను తీసి, ఒక తెలుపు, ఒక ఎరుపు వేసి నూకరత్నం చేతిలో పెట్టింది.

లోవరాజు అందులోకి తొంగిచూశాడు.

"క్యారియరేనాండి?"

"క్యారియరే."

అదే మాట. ఒకప్పుడు ఆ మాటకే ఆ తల్లి బస్సులో దారంతా ఏడ్చింది. ఇప్పుడు అదే మాటకు మంగాయమ్మ కోడలి నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. మాట మారలేదు, దాని తీరే మారింది. నాకు ఇంకా మింగుడుపడని సంగతి అదొక్కటే.

నన్ను ఇంటికి తీసుకెళ్ళలేదు. డాక్టరుగారు అడిగి ఉంచుకుంది. ఇప్పుడు లేబరేటరీ అలమరలో ఉంటాను. కొత్త తల్లిదండ్రులు వచ్చినప్పుడల్లా నన్ను దించి బిరడాలు వేసి చూపిస్తుంది, పెన్నుతో మాత్రం కొట్టదు. అన్నం వాసన నాలోంచి పోయింది. లాస్యకు ఇంకా రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ మొదటి పొయ్యి సంగతి ఇంకా తేలలేదు, ఆవిడ అద్దం ముందునుంచి లేవడం లేదు.

పుట్టిన పిల్లవాణ్ని అక్కతో పాటు తీసుకొస్తారు. వాడికి మంచి పేరే పెట్టారుగాని, మంగాయమ్మ మాత్రం ఆ పేరు పలకదు. వాడు గడప దాటి లేబరేటరీలోకి పాకుతుంటే వెనకనుంచి పిలుస్తుంది.

"ఓరి క్యారియరూ, ఇటు రారా."

వాడు తల తిప్పి నవ్వుతాడు. నాకు కాళ్ళుంటే నేనూ వెళ్ళేదాన్ని.