అడుగు లేని కుండలు

"కాస్త పక్కకి జరగమ్మా, వీడియోలో పడుతున్నావు" అన్నాడు కెమెరా ఆయన. పొద్దుటి నుంచీ బంకమట్టి తొక్కుతున్నదాన్ని, మోకాళ్ళ దాకా మట్టితోనే పక్కకి జరిగాను.

విజయనగరంలో ఏదో ప్రదర్శనట. అది పెట్టేవాళ్ళు కారేసుకుని మా ఇంటికొచ్చారు. మా ఆయన ఈశ్వర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుమ్మరి సారె తిప్పుతుంటే కళ్ళు తిప్పుకోలేదు వాళ్ళు. మీ ఆవిడేం చేస్తుందని అడిగారు.

"అదేటి సేస్తాదండీ! మట్టి తొక్కుతాది, వండి పెడతాది. కుండ సెయ్యడం మగోడి పని."

"మా ఇళ్ళల్లో ఆడది సారె ముట్టుకోకూడదు బాబూ" అని అరుగు మీంచి మా అత్త కూర్మమ్మ వంత పాడింది. నేను టీ గ్లాసులు అందించాను. ఒళ్ళు మండిపోయింది.

సారె మీంచి దిగిన కుండకి మూతి ఉంటుంది, మెడ ఉంటుంది, అడుగుండదు. పైనుంచి చెయ్యి పెడితే కిందనుంచి బయటకొచ్చేస్తుంది. అది పచ్చీ ఎండూ కాకుండా ఉన్నప్పుడే ఒళ్ళో పెట్టుకుని, లోపల రాయి ఆనించి, పైన చెక్క సలపతో కొట్టి కొట్టి, ఆ మట్టినే సాగదీసి అడుగు మూయాలి. ఆ పని నాది. నాకు ముందు అత్తది. పురిటినొప్పులు మొదలయ్యాక కూడా చేతిలో ఉన్న కుండ మూసే లేచాను. మణికట్టు వాచిపోయి అన్నం కలుపుకోలేకపోతున్నానంటే, "కూకుని తట్టడానిక్కూడా నొప్పేటే?" అన్నాడీయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఈ కుండలే ప్రదర్శనలో పెడతామనీ, కింద ఈశ్వర్ పేరు రాయిస్తామనీ, కాల్చడానికి ముందు ఒకసారి వచ్చి చూస్తామనీ చెప్పి వెళ్ళారు వాళ్ళు. "బేగి కొట్టీయే, ఆరిపోతాయి" అనేసి ఈయన చీపురుపల్లి వెళ్ళిపోయాడు.

నీడలో కుండల ముందు కూర్చున్నాను. సలప ఒళ్ళో ఉంది. గోరుతో నొక్కి చూశాను, దిగింది. కాసేపాగి మళ్ళీ నొక్కాను, దిగీ దిగనట్టు దిగింది. చెయ్యి అలవాటు కొద్దీ సలప మీదకి పోతోంది. బలవంతాన ఆపుకున్నాను.

అత్త లేచి వచ్చింది. "ఒసే పిల్లా, మట్టి బిగిసిపోతన్నాది."

"బిగిసిపోనీ అత్తా."

తిడుతుందనుకున్నాను. వాచిన నా మణికట్టు చూసింది. వంకరపోయిన తన వేళ్ళు చూసుకుంది. నా పక్కనే చతికిలబడి, "నానూ ఒకపాలి ఇలాగే కొట్టకుండా ఊరుకోవలసింది" అంది మెల్లగా. మట్టి పూర్తిగా ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

మర్నాడు ఈయన చీపురుపల్లి నుంచి వచ్చేసరికే కారు వచ్చి ఉంది. ఈయన నవ్వుతూ కుండ పైకెత్తాడు. లోంచి ఆకాశం కనబడింది.

"ఒసే! అడుగేదే?"

కొంగుకి చేతులు తుడుచుకుని, కెమెరా ముందుకొచ్చి నిలబడ్డాను.

"నువ్వు సేసినకాడికి ఉన్నాది బావా. దానికి నీ పేరే రాయించుకో."